ఫాస్ట్ ట్విస్ట్ మజిల్‌లోడర్‌కి బరువైన సీసం బులెట్ ఎంచుకునే పద్ధతి

మజిల్‌లోడర్‌కి, అంటే మూతినుంచి మందూ బులెట్టూ కూరే తుపాకీకి, బరువైన బులెట్ కొనేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని గ్రెయిన్లు?" అని, అంటే బరువెంతని. అడగాల్సింది "ఎంత పొడవు?" అని. బ్యారెల్ లోపలి మెలిక గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో దాన్ని ట్విస్ట్ అంటారు, తక్కువ అంగుళాలకే తిరిగితే అది ఫాస్ట్ ట్విస్ట్. ఏ ట్విస్ట్‌కి ఏ బులెట్ గాలిలో ఊగకుండా నిలబడుతుందో తేల్చేవి ముఖ్యంగా దాని పొడవూ లావూ. అవి కుదిరాక బులెట్ బోర్‌లో, అంటే బ్యారెల్ రంధ్రంలో, ఎలా కూర్చుంటుందో చూడాలి, ఆపైన సీసం ఎంత మెత్తగా ఉందో చూడాలి. ఈ మూడూ తేలాక బరువు దానంతటదే తేలుతుంది. తలకిందులుగా మొదలుపెట్టి, ముందు 500 గ్రెయిన్ల బులెట్లు పోసే అచ్చు కొనేసి తర్వాత తుపాకీకి సరిపెట్టబోతే డబ్బూ సీసమూ రెండూ దండగ.

గుండ్రటి గుండు కోసం చేసిన రైఫిళ్లలో సాధారణంగా 48 నుంచి 66 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. పొడవాటి బులెట్ కోసం చేసిన వాటిలో .45 క్యాలిబర్ (బోర్ వ్యాసం 0.45 అంగుళం) అయితే 18 నుంచి 22 అంగుళాలకు, .50 అయితే 24 నుంచి 32 అంగుళాలకు ఒక చుట్టు కనిపిస్తుంది. ఈ తేడా కొత్తదేమీ కాదు. బ్రిటిష్ సైన్యపు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ .577 బోర్‌తో, అడుగు గుల్లగా ఉండే పొట్టి మినియే బులెట్‌తో, 78 అంగుళాలకు ఒక చుట్టుతో సరిపెట్టుకుంది. కొద్ది సంవత్సరాలకే బ్రిటిష్ ఇంజనీరు విట్‌వర్త్ బోర్‌ని .451కి తగ్గించి, 20 అంగుళాలకు ఒక చుట్టు పెట్టి, దాదాపు అంతే బరువున్న 530 గ్రెయిన్ల బులెట్‌ని సన్నగా, పొడవుగా చేశాడు. దూరపు గురిలో ఎన్‌ఫీల్డ్ దాని దరిదాపుల్లోకి రాలేకపోయింది. ఇప్పుడు దొరికే పెడెర్సోలి కంపెనీ గిబ్స్ నమూనా రైఫిల్ .45లో 18 అంగుళాల ట్విస్ట్‌తో వస్తుంది. .50 ఇన్‌లైన్ రైఫిళ్లలో (మంట బ్యారెల్ వెనకనుంచి నేరుగా అందే ఆధునిక రకం) 28 అంగుళాలు బాగా వాడుకలో ఉంది.

ముందు మీ ట్విస్ట్ కొలవండి

క్యాటలాగ్‌లో రాసింది నమ్మొద్దు, ముఖ్యంగా పాత తుపాకీ అయితే, లేదా బ్యారెల్ మార్చిన తుపాకీ అయితే. ముందు తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకోండి: ర్యామ్‌రాడ్‌ని (బులెట్‌ని లోపలికి కూరే కడ్డీ) అడుగుదాకా దింపి, మూతి దగ్గర వేలు పెట్టి పట్టుకుని, బయటకు తీసి బ్యారెల్ పక్కన ఆనించి చూడండి. బ్యారెల్ వెనక చివర మూసే బ్రీచ్‌ప్లగ్ ముఖం దాకా వెళ్లకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఖాళీ అని తేలాక, హ్యాండిల్ దగ్గర బేరింగ్ ఉండి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా నూనె గుడ్డ చుట్టి అడుగుదాకా దింపండి. మూతి దగ్గర రాడ్ మీద చుట్టూ ఒక గీత, పైన నిలువుగా ఒక గీత పెట్టండి. నెమ్మదిగా పైకి లాగుతుంటే రాడ్ తిరుగుతుంది. నిలువు గీత సరిగ్గా సగం చుట్టు తిరిగేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు బయటకు వచ్చిందో చూసి రెండింతలు చేయండి. మూడుసార్లు చేస్తే ఒక అంగుళం అటూఇటుగా తేలుతుంది. గుడ్డ వదులైతే గాడుల మీద జారిపోయి అంకె ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది. మూడు కొలతలూ కలవకపోతే మొదట అనుమానించాల్సింది గుడ్డనే.

ట్విస్ట్ నుంచి పొడవు

1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం సీసం బులెట్లకు ఇప్పటికీ పనికొస్తుంది. బులెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, 150తో గుణించి, ట్విస్ట్‌తో భాగించండి. వచ్చేది ఆ బ్యారెల్ నిలబెట్టగల గరిష్ఠ పొడవు. .45కి వర్గం 0.2025, దాన్ని 150తో గుణిస్తే 30.4. దాన్ని 18తో భాగిస్తే 1.69 అంగుళాలు, 20తో అయితే 1.52, 22తో అయితే 1.38, 30తో అయితే 1.01. .50కి పైన ఉండే అంకె 37.5. అంటే 24 అంగుళాల ట్విస్ట్‌కి 1.56, 28కి 1.34, 32కి 1.17, 48కి 0.78. .54కి 43.7, కాబట్టి 28కి 1.56, 48కి 0.91.

ఇది అంచు. అంచు మీద బతకొద్దు. నల్ల మందుతో (బ్లాక్ పౌడర్‌తో) పోయే బరువైన బులెట్ మూతి దగ్గర సెకనుకు 1,200 నుంచి 1,400 అడుగుల వేగంతో బయలుదేరి, కొంతదూరం పోయాక ధ్వని వేగానికి దిగుతుంది. ఊగిసలాట మొదలయ్యేది ఆ దగ్గరే. అందుకని సూత్రం ఇచ్చిన పొడవులోంచి పది, పదిహేను శాతం తగ్గించుకోండి. 20 అంగుళాల .45కి 1.29 నుంచి 1.37 అంగుళాలు, 18 అంగుళాల .45కి 1.44 నుంచి 1.52, 28 అంగుళాల .50కి 1.14 నుంచి 1.21. వంద గజాల లోపే కాల్చేవాళ్లకి ఇంత జాగ్రత్త అవసరం లేదు, కానీ చలికాలం దట్టమైన గాలిలో అంచు మీది బులెట్ మొరాయిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఇప్పుడు బరువు. అంగుళం పొడవున్న నికరమైన సీసం కడ్డీ .45 లావులో సుమారు 456 గ్రెయిన్లు, .50లో 563, .54లో 657 తూగుతుంది. ముక్కు సన్నబడటం వల్లా, బులెట్ చుట్టూ కొవ్వు నింపే గాడుల వల్లా ఇందులో అయిదో వంతు దాకా పోతుంది. అలా 1.35 అంగుళాల .45 బులెట్ 490, 500 గ్రెయిన్ల దగ్గర తేలుతుంది. 1.44 అంగుళాలది 530 దగ్గరికి వస్తుంది. 28 అంగుళాల .50కి 1.15 అంగుళాలు అంటే 500 గ్రెయిన్ల పైచిలుకు. ఇది పైహద్దు అనే సంగతి గుర్తుంచుకోండి. వేటకి 28 అంగుళాల .50లో 370 నుంచి 450 చాలు. ఆపైన బరువు పెంచుకుంటూ పోతే వచ్చేది భుజం నొప్పి, వంగిన ట్రాజెక్టరీ (బులెట్ పోయే దారి).

కాస్త పొట్టి బులెట్‌ని ఫాస్ట్ ట్విస్ట్‌లో వాడితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. ఎక్కువ తిరిగినంత మాత్రాన బులెట్ చెడిపోదు. అయితే లోపల గాలిబుడగ ఉన్నా, అడుగు వంకరగా ఉన్నా ఆ లోపాన్ని వేగమైన తిరుగుడు పెంచి చూపిస్తుంది. పోతలో నాణ్యత ఎందుకు చూడాలంటే ఇందుకే. గుడ్డలో చుట్టిన గుండ్రటి గుండు మాత్రం ఫాస్ట్ ట్విస్ట్‌లో గాడులు పట్టుకోలేక జారిపోతుంది, మందు బాగా తగ్గిస్తే తప్ప.

బోర్ కొలత, గాడుల లోతు

గాడుల మధ్య ఎత్తుగా ఉండేవి గట్లు. గట్టు నుంచి గట్టుకి ఉన్న వ్యాసాన్ని బోర్ అనీ, గాడి నుంచి గాడికి ఉన్నదాన్ని గ్రూవ్ అనీ అంటారు. తుపాకీ మీద .45 అని చెక్కి ఉన్నా అసలు బోర్ 0.448 నుంచి 0.452 వరకు ఏదైనా కావచ్చు. అంగుళంలో వెయ్యో వంతు తేడా ఇక్కడ ఎక్కువే.

బోర్‌కి అన్నిటికంటే తేలికైన పద్ధతి పిన్ గేజ్‌లు. వెయ్యో వంతు తేడాతో వచ్చే ఉక్కు పిన్నుల్లో మూతిలోకి నొక్కకుండా దిగే అతి పెద్దదే మీ బోర్. గ్రూవ్ కోసం అర అంగుళం పొడవున్న స్వచ్ఛమైన సీసం ముక్కకి మధ్యలో రంధ్రం చేసి, మర ఉన్న ఉక్కు కడ్డీకి గట్టిగా బిగించి, నూనె రాసి, మూతిలోకి అంగుళం మేర తట్టి వెనక్కి లాగండి. కడ్డీకి బిగించకుండా సీసం ముక్కని లోపలికి కొడితే తర్వాత దాన్ని బయటకు తెప్పించడం వేరే పని అవుతుంది. బ్రీచ్‌ప్లగ్ విప్పగలిగే తుపాకీ అయితే వెనకనుంచి పూర్తిగా నెట్టేయొచ్చు. అప్పుడు దారిలో ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు అన్నది కూడా చేతికి తెలుస్తుంది. గాడులు బేసి సంఖ్యలో, అంటే మూడో అయిదో ఏడో ఉంటే మామూలు మైక్రోమీటర్ తప్పు చూపిస్తుంది, ఎందుకంటే గాడికి ఎదురుగా గట్టు ఉంటుంది. దానికి వి ఆకారపు దవడ ఉన్నది కావాలి.

గాడి లోతు అంటే గ్రూవ్, బోర్ కొలతల తేడాలో సగం. 0.004 నుంచి 0.006 అంగుళాల లోతున్న గాడులు పొడవాటి బులెట్‌కి చక్కగా సరిపోతాయి. 0.010 దాటిన లోతు గుడ్డ చుట్టిన గుండు కోసం చేసింది. అందులో బోర్ సైజు బులెట్ ఎంత ఉబ్బినా గాడుల అడుగు నిండదు, ఖాళీల్లోంచి మంట ముందుకు దూసుకుపోయి బులెట్ పక్కల్ని కరిగిస్తుంది. అలాంటి బ్యారెల్‌కి ఏ బరువైన బులెట్ మంచిదని వెతకడం కంటే దాన్ని గుండుకే వదిలేయడం మేలు.

ఏ రకం బులెట్

బరువైన పోత బులెట్లలో మజిల్‌లోడర్‌కి పనికొచ్చేవి ప్రధానంగా మూడు రకాలు. వీటిలో తేడా అంతా గాడుల్ని ఎప్పుడు పట్టుకుంటాయన్న దాంట్లోనే ఉంది.

మొదటి రకం కూరేటప్పుడే పట్టుకుంటుంది. థాంప్సన్ సెంటర్ మ్యాక్సీబాల్, లీ రియల్ ఈ జాతివి. మ్యాక్సీబాల్ ముందు పట్టీ (బులెట్ చుట్టూ ఉండే ఉబ్బెత్తు వలయం) బోర్ కంటే పెద్దది, వెనక పట్టీలు బోర్‌కి సరిపోతాయి. షార్ట్ స్టార్టర్ అనే పొట్టి కడ్డీతో ఒక దెబ్బ వేస్తే ముందు పట్టీ మీద గట్లు అచ్చుపడతాయి. ఇవి స్వచ్ఛమైన సీసంతోనే పోయాలి, మిశ్రమం కలిపితే దెబ్బకి దిగవు, దిగినా ముక్కు నలిగిపోతుంది. .50 మ్యాక్సీబాల్ 370 గ్రెయిన్లు. రియల్ .50లో 250, 320 గ్రెయిన్ల అచ్చులు దొరుకుతాయి. వేటకి ఇవి అక్కరకొస్తాయి, ఎందుకంటే గాడుల్ని పట్టుకుని కూర్చున్న బులెట్ తుపాకీ మూతి కిందికి దించినా జారదు. దూరపు గురికి మాత్రం ఇవి పొట్టి.

రెండోది బోర్ సైజు బులెట్. అన్ని పట్టీలూ బోర్ కంటే అర వెయ్యో వంతు నుంచి వెయ్యో వంతు చిన్నవి. బొటనవేలితో మూతిలో పెట్టి, ర్యామ్‌రాడ్ బరువుతోనో కొద్దిపాటి ఒత్తిడితోనో దింపేయొచ్చు. మందు అంటుకోగానే వెనకనుంచి తన్నిన తాపుకి బులెట్ పొట్టిగా, లావుగా ఉబ్బి గాడుల్ని నింపుతుంది. ఫాస్ట్ ట్విస్ట్‌లో ఎక్కువమందికి మేము సూచించేది ఇదే. పోయడం, కొవ్వు పట్టించడం, కూరడం అన్నీ సులువు.

మూడోది కాగితం చుట్టిన బులెట్. నున్నటి పక్కలున్న సన్నటి బులెట్‌కి తడిపిన నూలు కాగితాన్ని రెండు చుట్లు చుట్టి ఆరబెడతారు. రెండు చుట్లు అంటే వ్యాసంలో నాలుగు కాగితాల మందం చేరుతుంది. 0.450 బోర్‌కి 0.442 బులెట్, 0.002 కాగితం అయితే చుట్టాక సరిగ్గా 0.450. బిగుతుగా అనిపిస్తే 0.0015 కాగితానికి మారితే 0.448కి దిగుతుంది. అచ్చు మార్చకుండా కొలత సవరించుకునే వీలు ఈ పద్ధతికే ఉంది. కాగితం చివరలు అతికేచోట ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, వెంట్రుకవాసి సందు ఉన్నా ఫరవాలేదు. చుట్టే దిశ కూడా చూసుకోండి, అన్ని బులెట్లకీ ఒకేలా ఉండాలి. కాల్చాక మూతి ముందు కాగితం సన్నటి పీలికలుగా పడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. ముక్కలు కాలి నల్లబడితే మంట పక్కనుంచి జారింది. మొత్తం కాగితం ఊడకుండా దూరంగా పడితే అది బులెట్‌తో కొంతదూరం ప్రయాణం చేసింది, ఆ షాట్ ఎటు పోయిందో చెప్పలేం. ఓపిక ఉన్నవాళ్లకి కచ్చితత్వంలో దీన్ని మించింది లేదు. అడవిలో తడుస్తూ తిరిగేవాళ్లకి వద్దు.

గుల్ల అడుగున్న మినియే బులెట్లు స్లో ట్విస్ట్‌కి, తక్కువ మందుకి పుట్టినవి. ఎక్కువ మందు పోస్తే పల్చటి అంచు విచ్చుకుపోతుంది. వాటిని ఇక్కడ పక్కన పెట్టేయొచ్చు.

బ్రీచ్‌లోడర్ల (వెనకనుంచి తూటా పెట్టే తుపాకుల) కోసం చేసిన .45-70 తూటా బులెట్ల అచ్చుల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే చవగ్గా దొరికేవి అవే. లైమన్ 457125, 500 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు బులెట్, ఆకారం చూస్తే 20 అంగుళాల ట్విస్ట్‌కి అతికినట్టుంటుంది. కానీ అది పడేది 0.458 చుట్టుపక్కల. 0.450 బోర్‌లోకి మూతినుంచి దిగదు. సైజింగ్ డై (బులెట్‌ని సన్నబరిచే ఉక్కు రంధ్రం) గుండా నెట్టి మూడు, నాలుగు వెయ్యో వంతులు తగ్గించడం మామూలే. ఎనిమిది తగ్గించబోతే కొవ్వు గాడులు పూడుకుపోతాయి, డై సరిగ్గా లేకపోతే అడుగు ఒక పక్కకి ఒరుగుతుంది. అలాంటప్పుడు రెండు మూడు డైలతో మెట్లుమెట్లుగా దింపాలి, లేదా బోర్ కొలత చెప్పి అచ్చు చేయించుకోవాలి. చేయించుకోవడమే దీర్ఘకాలంలో చవక.

సీసం ఎంత మెత్తగా ఉండాలి

లోహాల గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ లెక్కలో స్వచ్ఛమైన సీసం 5. నలభై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే సుమారు 8.5, ముప్పైకి ఒకటైతే 9, ఇరవైకి ఒకటైతే 10, పదహారుకి ఒకటైతే 11. కారు చక్రాల సమతూకానికి పెట్టే బరువుల లోహం 12 దాకా పోతుంది, ముద్రణ యంత్రాల లైనోటైప్ లోహం 22.

బోర్ సైజు బులెట్ ఉబ్బాలి కాబట్టి మెత్తనే కావాలి. మామూలుగా స్వచ్ఛమైన సీసం నుంచి ముప్పైకి ఒకటి వరకు సరిపోతుంది. మరి ఎప్పుడూ స్వచ్ఛమైన సీసమే ఎందుకు వాడకూడదు? పొడవాటి సన్నటి ముక్కు ఉన్న 530 గ్రెయిన్ల బులెట్‌ని వెనకనుంచి తన్నితే, ముక్కు తన బరువుతో వెనకబడి ఒక పక్కకి వాలిపోతుంది. మూతి దాటి బయటకు వచ్చేసరికి అది సమతూకం తప్పిన బులెట్. గుండ్రటి మొద్దు ముక్కుకి ఈ బాధ తక్కువ. సూదిగా, పొడవుగా ఉన్న ముక్కుకి ఇరవైకి ఒకటి, పదహారుకి ఒకటి అవసరమవుతుంది, కానీ అంత గట్టిది ఉబ్బాలంటే మందు బాగా పడాలి, బోర్‌కి అతి దగ్గరగా సరిపోవాలి. అందుకే మొదటి అచ్చు కొనేవాళ్లు మొద్దు ముక్కు తీసుకోవడం మంచిది. 300 గజాల లోపు సూది ముక్కు తెచ్చే లాభం కంటే చిక్కులే ఎక్కువ.

గట్టిదనం కోసం ఆంటిమొనీ ఉన్న లోహం వద్దు. తగరం కలిసిన సీసం ఒత్తిడికి సాగుతుంది, ఆంటిమొనీ కలిసింది మొండికేస్తుంది. చక్రాల బరువులతో పోసిన బోర్ సైజు బులెట్ ఉబ్బక, మంట పక్కనుంచి జారి, బ్యారెల్ నిండా సీసం అంటుకుంటుంది. బ్యాటరీ పలకలు అసలు కరిగించొద్దు, వాటినుంచి వచ్చే వాయువులు ప్రాణాంతకం. చేతిలో ఉన్న సీసం ఏదో తెలియకపోతే గోటితో గీయండి. స్వచ్ఛమైనదైతే గోరు లోతుగా దిగుతుంది. నేల మీద వేస్తే గణగణమనకుండా దబ్ మంటుంది.

మిశ్రమంతో బరువూ కొలతా రెండూ మారతాయి. ఇరవైకి ఒకటి మిశ్రమం స్వచ్ఛమైన సీసం కంటే రెండున్నర శాతం తేలిక, అంటే 500 గ్రెయిన్లది 487 తూగుతుంది. స్వచ్ఛమైన సీసం చల్లారేటప్పుడు కొంచెం ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి కొంచెం సన్నగా పడుతుంది. అచ్చు పెట్టె మీద రాసిన బరువు, వ్యాసం ఏ మిశ్రమానికో అడిగి తెలుసుకోండి. గట్టి మిశ్రమం లెక్కన రాసిన 0.451, మెత్తటి సీసంతో 0.450కి దిగొచ్చు. ఆ వెయ్యో వంతే కూరడం సాఫీగా ఉందా, వదులైందా అని తేల్చేస్తుంది.

పోత

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోయడానికి 370 నుంచి 430 మధ్య ఉంచండి, స్వచ్ఛమైన సీసానికి ఆ పై భాగం. గాలి ఆడే చోట, కళ్లద్దాలు, తోలు చేతొడుగులు, మూసిన చెప్పులతో చేయండి. నీటి చుక్క కుండలో పడితే కరిగిన సీసం పేలి చిమ్ముతుంది, కాబట్టి తడిసిన సీసం, చెమట కారే నుదురు రెండూ కుండకి దూరంగా ఉండాలి. అక్కడ తినడం, తాగడం వద్దు. అయ్యాక చేతులు కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

బరువైన బులెట్‌లో అసలు చిక్కు లోపల ఏర్పడే గుల్ల. 500 గ్రెయిన్ల సీసం చల్లారుతూ ముడుచుకునేటప్పుడు పైనుంచి ఇంకాస్త సీసం తాగాలి. అచ్చు మీది పలక మీద సీసం మడుగు చిన్నగా ఉంటే ముందే గడ్డకట్టిపోయి, అడుగు దగ్గర కంటికి కనపడని ఖాళీ మిగులుతుంది. కాబట్టి గరిటెని రంధ్రానికి ఆనించి రెండు మూడు సెకన్లు అలాగే ఉంచి, తీసేటప్పుడు పలక మీద మంచి మడుగు వదలండి. అది మెరుపు పోయి మసకబారాక మరో అయిదారు సెకన్లు ఆగి కోయండి. తొందరపడితే అడుగులోంచి ముక్క ఊడి గుంట పడుతుంది. ముడతలు కనిపిస్తే అచ్చు చల్లగా ఉంది, లేదా అందులో నూనె మిగిలింది. బులెట్ పైన తెల్లటి పొర కనిపిస్తే అచ్చు వేడెక్కింది. లేత తెలుపు హాని చేయదు, పట్టీల అంచులు గుండ్రంగా పడుతుంటే మాత్రం కాసేపు ఆగండి.

ముందు అడుగులు చూడండి. అడుగు అంచు పూర్తిగా నిండక గుండ్రంగా ఉన్నది కుండలోకి తిరిగి పోవాలి, ముక్కు ఎంత అందంగా ఉన్నా సరే. బులెట్‌ని చివరిసారి తాకేది మూతి, అది తాకేది ఆ అంచునే. అంచు ఒక పక్క లోటైతే వాయువు ఆ పక్కనుంచి ముందు బయటపడి బులెట్‌ని వంచుతుంది. ముక్కు మీది చిన్న గుంట వంద గజాల దగ్గర ఏమీ చేయదు. మిగిలినవి తూచండి. ఎక్కువ బులెట్లు ఒక బరువు దగ్గర గుమిగూడతాయి. దానికంటే ఒక గ్రెయిన్ పైగా తేలికైనవి లోపల గుల్ల ఉన్నవే, గురి కోసం వాటిని పక్కన పెట్టండి. వేటకి రెండు మూడు గ్రెయిన్ల తేడా పట్టించుకోనక్కర్లేదు.

కొవ్వుకి తేనెమైనం, పశువుల కొవ్వు సమానంగా కరిగించి కలిపినది చాలు. ఎండల్లో మైనం కాస్త పెంచండి. పెట్రోలియం గ్రీజు నల్ల మందు మసితో కలిసి తారులా గడ్డకడుతుంది.

తుపాకీతో సరిచూసుకోవడం

శుభ్రమైన, పొడి బోర్‌లో కొవ్వు రాయని బులెట్ పెట్టి చూడండి. దానంతటదే గలగలా అడుగుకి పోతే వదులు. వేలితో కొద్దిగా నొక్కితే కదిలి, ర్యామ్‌రాడ్ బరువుతో నెమ్మదిగా దిగితే సరైనది. ర్యామ్‌రాడ్ చివర బులెట్ ముక్కు ఆకారానికి తొలిచి ఉండాలి, చదునైన చివరతో నొక్కితే మెత్తటి ముక్కు ప్రతిసారీ ఒక్కోలా నలుగుతుంది.

మందు విషయంలో తుపాకీ తయారీదారు ఆ బులెట్ బరువుకి ఇచ్చిన గరిష్ఠమే హద్దు. గుండుకి ఇచ్చిన గరిష్ఠాన్ని 500 గ్రెయిన్ల బులెట్‌కి వాడొద్దు, బరువు పెరిగిన కొద్దీ అదే మందు ఎక్కువ పీడనం పుట్టిస్తుంది. పొగలేని మందు ఒక్క పలుకు కూడా పనికిరాదు. .45లో 500 గ్రెయిన్లకి టూ-ఎఫ్ (పలుకుల సైజు గుర్తు) నల్ల మందు 60 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి, హద్దు దాటకుండా అయిదేసి పెంచుతూ ఒక్కో మోతాదుకి అయిదు షాట్లు కాల్చండి. మందు మీద 0.030 నుంచి 0.060 అంగుళాల మందమున్న గట్టి అట్టబిళ్ల పెడితే బులెట్ అడుగు మంటనుంచి కాపాడబడుతుంది. ప్రతి షాట్ తర్వాత తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి. మసి ఒకేలా ఉంటేనే ఒక మోతాదుని ఇంకోదానితో పోల్చగలరు.

బులెట్ అట్టబిళ్లకి ఆనేదాకా దిగాలి. మధ్యలో ఆగిన బులెట్‌తో కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. ర్యామ్‌రాడ్ మీద ఖాళీ బ్యారెల్‌కి ఒక గీత, కూరిన బ్యారెల్‌కి ఒక గీత పెట్టుకుని ప్రతిసారీ చూడండి. బోర్ సైజు, కాగితం బులెట్లతో వేటకి వెళ్లేవాళ్లు తుపాకీ మూతి కిందికి దించి నడిచాక మళ్లీ ర్యామ్‌రాడ్‌తో సరిచూడాలి, అవి కుదుపులకి ముందుకు జారతాయి.

టార్గెట్ మీద రంధ్రాలు చూస్తే చాలా తెలుస్తుంది. రంధ్రం కోలగా ఉంటే, లేదా బులెట్ పక్క అచ్చు పడితే అది నిలబడటం లేదు. ముందు హద్దు లోపలే మందు అయిదేసి గ్రెయిన్లు పెంచి చూడండి, ఎందుకంటే ఉబ్బక గాడులు పట్టకపోయినా ఇదే గుర్తు. హద్దు దాకా పోయినా రంధ్రం గుండ్రంగా మారకపోతే బులెట్ పొడవెక్కువ. 50 గజాల దగ్గర గుండ్రంగా, 200 దగ్గర కోలగా ఉంటే అంచు మీది పొడవు. రంధ్రాలు గుండ్రంగానే ఉండి గుంపు మాత్రం చెదిరితే వదులు బులెట్, చెడ్డ అడుగులు, మసి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. నిలువుగా సాగిన గుంపుకి ఎక్కువసార్లు కారణం మసి ఒకేలా లేకపోవడం. తుడిచిన గుడ్డ మీద వెండి రంగు పొలుసులు వస్తే బులెట్ గట్టిగా ఉంది లేదా సన్నగా ఉంది. కాల్చాక సుత్తి వెనక్కి లేచి హాఫ్‌కాక్‌లో (సగం ఎత్తి ఆగిన స్థితిలో) కనిపిస్తే నిపుల్ (మంటని లోపలికి పంపే చిన్న గొట్టం) రంధ్రం అరిగింది. కొత్తదాంట్లో అది 0.028, 0.030 అంగుళాల దగ్గర ఉంటుంది. బరువైన బులెట్లు దాన్ని త్వరగా తినేస్తాయి, ఒక నిపుల్ అదనంగా దగ్గర పెట్టుకోండి.

వేటకైతే చదును ముక్కు, స్వచ్ఛమైన సీసం. 1,300 అడుగుల వేగంతో బయలుదేరే ఇలాంటి బులెట్‌ని 100 గజాలకు గురి సరిచేస్తే 150 దగ్గర దాదాపు అడుగు కిందికి దిగుతుంది. 20 గజాల అంచనా తప్పితే గాయపడ్డ జంతువు మిగులుతుంది. దూరం కొలిచే పరికరం లేకుండా వంద దాటి కాల్చొద్దు. సీసం బులెట్లు నిషేధించిన ప్రాంతాలూ ఉన్నాయి, మీరు వేటాడే చోట నియమం ఏమిటో అచ్చు కొనకముందే చూసుకోండి.